పసిరిక పాము నిమిరిన చెయ్యి

మా మామ లింగయ్య కంచం నెట్టేస్తాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, రెండుసార్లు దవడ ఆడిస్తాడు, "చప్పగున్నది" అంటాడు, కంచాన్ని ముందుకు తోసి గుట్కా పొట్లం చింపుతాడు. మంచం పక్కన ఆయన ఉమ్మే డబ్బా ఉంటుంది. దాన్ని కడిగేది నేనే. ఆ ఎర్రటి జిగట నీళ్లు వంచేటప్పుడు రోజూ మొహం పక్కకు తిప్పుకుంటాను. నా వంటకు వంక పెట్టేది ఆ నోరు.

నా తల్లిగారిల్లు రామన్నపేటలో. అమ్మ పొలం పనికి పోతే ఇంట్లో వంటంతా నాదే, ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్రిగూడకు కోడలిగా వచ్చాకే నా చేతికి రుచి లేదని తెలిసింది. నా మొగుడు సాయి జడ్చర్లలో మందుల కంపెనీలో పని చేస్తాడు. ఆదివారం వస్తాడు, పెట్టింది తింటాడు, "బాపుతోని నాకెందుకు లొల్లి హారికా" అని బస్సెక్కుతాడు.

శ్రావణం వచ్చింది. పెళ్లయ్యాక నా మొదటి బోనం. కొత్త కోడలే వండి, నెత్తిన పెట్టుకొని ఎల్లమ్మ దగ్గరికి నడవాలి. ఒక పొద్దున మా అత్తమ్మ సావిత్రమ్మ చల్లగా చెప్పింది.

"చేతిల రుచి లేనోళ్లు అమ్మకు బోనమెట్ల వండుతరు? గీ యేడు శోభ వండుతది."

శోభ మామ తమ్ముడి కోడలు. ఆమె బోనమెత్తుకొని ముందు నడుస్తుంటే నేను చెంబు పట్టుకొని వెనక నడవాలి. ఊరంతా చూస్తుంది. ఒక్కసారి చెయ్యి మంచిది కాదని పేరు పడితే చచ్చేదాకా పోదు. కోపంతో ఏడ్చాను.

"ఏడిస్తే ఏమొస్తది?" అంది అత్తమ్మ. "పసిరిక పామును నిమురాలె. నెత్తి కాడికెల్లి తోక దాక. చేతికి రుచి దిగుతది. మా అవ్వ గట్లనే చేసిందట."

నేను డిగ్రీలో జువాలజీ చదివాను. ఆ పాము గురించి పరీక్షలో రాశాను కూడా. దాని కోరలు ముందుండవు, పైదవడలో వెనకెక్కడో ఉంటాయి. ఊరికే పొడిస్తే ఏమీ కాదు, పట్టుకొని నమిలితేనే విషం దిగుతుంది. తొండకూ కప్పకూ అది చావు. మనిషికి వాపు, మంట, అంతే. కండ్లు పొడుస్తుందని జనం అనేది ఉత్తమాట. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఇవన్నీ తెలుసు. తెలిస్తే రోత పోతుందా? కాలేజీలో సీసాలో నానుతున్నదాన్ని చూశాక వారం పాటు నేను పొట్లకాయ ముట్టలేదు. కానీ శోభ వెనక నడవడం తలచుకుంటే అది ఇంకా పెద్ద రోత. సరే అన్నాను.

మేకలు కాసే జానయ్య, ఏది విన్నా ఊరంతా చెప్పే మనిషి, తుమ్మచెట్టు మీద నుంచి దాన్ని పట్టి సంచిలో తెచ్చాడు. మెడ దగ్గర పట్టుకొని బయటికి తీశాడు. దబ్బనంలా సన్నటి మూతి. పచ్చటి ఒళ్లు. కంటిపాప అడ్డంగా గీత గీసినట్టుంది. నన్నే చూస్తోంది. తోక కింద నుంచి ఏదో కారింది, కుళ్లిన వాసన.

"నిమురు బిడ్డా, ఏం కాదు" అన్నాడు జానయ్య.

నిమిరాను. చల్లగా, పొడిగా ఉంది. చర్మం కింద ఎముకలు వేలికి గణుపులు గణుపులుగా తగిలాయి. రెండోసారి నిమిరేసరికి ఒళ్లు ఉబ్బించింది. పొలుసుల మధ్య నల్లటి, తెల్లటి చర్మం బయటపడింది. నోరు తెరిచింది. నా చూపుడువేలు ఆ నోట్లోకి ఎలా పోయిందో తెలియదు. పాము నమలడం మొదలుపెట్టింది, తమలపాకు నమిలినట్టు నింపాదిగా.

"కండ్లు మూసుకో! కండ్లు మూసుకోవే!" అని అత్తమ్మ అరుస్తోంది. నా వేలు పాము నోట్లో ఉంటే నా కండ్ల గురించి ఫికర్!

జానయ్య దవడలు విప్పి వేలు తీశాడు. దవాఖానలో సూది వేసి, వాపు అదే తగ్గుతుంది పొమ్మన్నారు. కుడి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. గరిటె పట్టలేను. దాంతో వంట అత్తమ్మ చేసింది. పచ్చిపులుసు, పప్పు, చింతచిగురు వేపుడు. నేను ఎడమ చేత్తో తిన్నాను. నిజం చెప్పాలి, బాగుంది.

మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆడించాడు.

"చప్పగున్నది. నీ చెయ్యి గూడ పాడైందా?" అని కంచం తోశాడు.

అత్తమ్మ ఆ కంచం తీసి కడిగింది. ముప్పై యేండ్లకు పైగా ఆ ఇంట్లో వండిన మనిషి. మరునాడు పొద్దున పెరట్లోకి వెళ్తే జానయ్య మళ్లీ సంచిలోంచి పామును తీసి పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆయన ముందు అత్తమ్మ రెండు చేతులూ చాపింది.

"చేతులు దించు అత్తమ్మా!" అని అరిచాను. "నీ చేతిల ఏం లేదు, నా చేతిల ఏం లేదు. గుట్కా నమిలి నమిలి మామ నాలికే సచ్చింది."

"నాకెరుకనే" అంది నెమ్మదిగా. "మన చేతిల రుచి లేదంటే ఇల్లు నడుస్తది. ఆయన నాలికల లేదంటే నడువది."

"ఎరుకుండి నా చెయ్యి పాము నోట్ల వెట్టిచ్చినవా?"

నాకు ఒళ్లంతా రోత పుట్టింది. ఆమె మీద, మామ మీద, ఆదివారం మొగుడి మీద, బోనం కోసం తలవంచిన నా మీద. వీళ్లందరిలో ఆ పామే శుభ్రంగా కనిపించింది.

జానయ్య చేతిలోంచి ఎడమ చేత్తో దాన్ని మెడ దగ్గర అందుకొని మామ మంచం దగ్గరికి పోయాను. జానయ్య వెనకే పరిగెత్తుకొచ్చాడు. మామ అప్పుడే కొత్త పొట్లం నోట్లో పోసుకున్నాడు.

"మామా, నోరు తెరువుండ్రి. రుచి చేతిల గాదు, నాలిక మీద తగ్గింది. గీడ నిమురుదాం."

ఆయన పెదవులు బిగించాడు. గడ్డం మీదుగా ఎర్రటి చొంగ కారింది. పాము అడ్డగీత కళ్లతో ఆయన్ని చూస్తూ కొమ్మలా ఊగింది. గోడకు వీపు ఆనేదాకా వెనక్కి జరిగాడు. అత్తమ్మ వచ్చి నన్ను లాగేస్తుందనుకున్నాను. ఆమె గడప దాటి వచ్చింది, కానీ నన్ను ముట్టుకోలేదు.

"తియ్యి దాన్ని" అని గొణిగాడు మామ. "నాకే... నాకే ఏ రుచి తెలుస్తలేదు."

అత్తమ్మ కొంగు నడుముకు చెక్కుకొని మంచం దగ్గరికి వచ్చింది.

"ఏందయ్యా, ఏమంటివి?" అంది. "జానయ్యకు ఇనవడలే. జర గట్టిగ అను."