ఎర్సీలియా మునం

ఆదివారం పొద్దున్నుంచీ సుభాషిణికి అన్నం సయించలేదు. చీర ఉయ్యాలలో ఉన్న ఏడు నెలల పాపను ఒక చేత్తో ఊపుతూ, ఇంకో చేత్తో యూనియన్ వాళ్లిచ్చిన చిన్న పుస్తకం పట్టుకుని, అవే నాలుగు పేజీలు తిప్పి తిప్పి చదువుతోంది. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసిన మనిషి. పేజీ కిందికి వచ్చేసరికి పైన చదివింది జారిపోతోంది.

"చాల్లేమే, పరీక్షకు పోతుండావా ఏంది?" అనింది అత్త పిచ్చమ్మ, చేపల తట్ట కడుగుతూ.

"పరీక్షయినా బాగుండు అత్తా. తప్పితే ఒక్క అయ్యవారే తిడతాడు. ఈడ అరవై మంది నవ్వుతారు."

సాయంత్రం నాలుగింటికి తుఫాను షెల్టరులో ఆడవాళ్ల సభ. మైపాడు రోడ్డులో ఉన్న రొయ్యల కంపెనీలో ఒలుపు పని చేసేవాళ్లంతా వస్తారు. ఒక్కొక్కరు ఒక్కో దేశపు నాయకురాలి గురించి ఐదు నిమిషాలు చెప్పాలని యూనియన్ పెద్ద మగ్దలీనమ్మ పంచిపెట్టింది. సుభాషిణి వంతుకు ఇటలీ ఆవిడ వచ్చింది. "మనం ఒలిచిన రొయ్య ఆ దేశానికి పోతుండాది. రొయ్యతో పాటు మన సంగతి ఆడికి పోదు గదా, ఆడి సంగతైనా మనం తెలుసుకుందాం" అని పుస్తకం చేతిలో పెట్టి పోయింది మగ్దలీనమ్మ.

నిజానికి సుభాషిణి గుండెల్లో రాయి సభ కాదు, సోమవారం.

శుక్రవారం షిఫ్టు దిగేటప్పుడు సూపర్‌వైజరు నరేంద్రబాబు అందర్నీ నిలబెట్టి చెప్పినాడు. సోమవారం నుంచి అన్నం బెల్లు కొట్టేదాకా ఒక్కరు కూడా బల్ల వదలకూడదు. గేటు కాడికి బిడ్డల్ని తేకూడదు. "తెచ్చినోళ్లు ఆ బిడ్డనెత్తుకుని అటునుంచి అటే ఇంటికి పోవచ్చు" అని సుభాషిణి వైపు చూసి మరీ అన్నాడు. ఇన్నాళ్లూ పది గంటలకు పిచ్చమ్మ పాపను గేటు దగ్గరికి తెస్తే, ఆమె వెళ్లి పాలిచ్చి వచ్చేది. పాప సీసాను నోటి దగ్గరికి రానివ్వదు. గిన్నెతో పోస్తే ఉమ్మేస్తుంది. ఆరింటినుంచి ఒంటిగంటదాకా బిడ్డ ఏడుస్తూ ఉంటుందని తలచుకుంటేనే ఆమె రొమ్ములు బరువెక్కి జాకెట్టు తడిసిపోతోంది. పని మానేద్దామంటే వచ్చే నెల్లో వేట నిషేధం. మొగుడు చిన్నపోలయ్య పడవ రెండు నెలలు ఒడ్డునే ఉంటుంది. అప్పుడు ఇల్లు గడవాలంటే ఆమె రెండు చేతులే దిక్కు.

షెల్టరు మేడమీద సముద్రపు గాలి పరదాలు ఊడబెరికేటట్టు కొడుతోంది. తన పేరు పిలిస్తే సుభాషిణి లేచింది.

"ఆమె పేరు ఎర్సీలియా. ఇటలీలో కూడా వరి పండుతుందంట. మన మాదిరే ఆడవాళ్లు మోకాటి లోతు నీళ్లలో వంగి కలుపు తీసేవాళ్లంట."

"జలగలుంటాయా మే ఆడ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఉంటాయని రాసుండాది అక్కా. దోమలు కూడా."

అందరూ నవ్వారు. నవ్వులు ఆగాక ఆమె మిగతా కథ అందుకుంది.

ఎర్సీలియా పదమూడేళ్లకే కలుపుకు పోయింది. నలభై రోజులు గడ్డి పరిచిన కొట్టంలో పడక, పొద్దు పొడవకముందే మడిలోకి. గట్టు మీద మేస్త్రి కర్ర పట్టుకుని తిరుగుతుంటే నడుమెత్తేదానికి లేదు. పదిహేడో ఏట ఆ పిల్ల మిట్టమధ్యాహ్నం నడుమెత్తి, "దప్పికవుతోంది, నీళ్లు తెప్పించండి" అని అడిగింది. అంతే, ఆ సాయంత్రమే మూట సర్దుకోమన్నారు. మరుసటి ఏడు ఏ మడిలోకీ రానివ్వలేదు. నూలుమిల్లులో చేరి అక్కడ సంఘం పెట్టింది. దేశంలో మాట్లాడినవాళ్లనల్లా జైల్లో వేసే రోజులవి. ఆమెనూ వేశారు, ఐదేళ్లు. యుద్ధం అయిపోయాక బయట తిరగగలిగింది. పొలం కూలీల యూనియన్‌కు కార్యదర్శయింది. తర్వాత ఓట్లకు నిలబడితే, ఏ మళ్లలోంచి తరిమేశారో ఆ ఊళ్లవాళ్లే గెలిపించారు.

"పార్లమెంటుకు పోయిన మొదటిరోజు గేటుకాడి మనిషి ఆమె చేతులు చూసి, ఊడ్చేదానికి వచ్చిందనుకుని వెనక వాకిలి చూపించినాడంట. ఆమె ఆ వాకిట్లోంచే లోపలికి పోయి, తన కుర్చీలో కూర్చుందంట."

చప్పట్లు మోగాయి. ఆ మోతకు పిచ్చమ్మ ఒళ్లో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి కేరుమంది. ఆ కేకతో సుభాషిణి తలలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత ఏదో చట్టం ఉంది, బాలింతల చట్టం. ఏ సంవత్సరం? ఏమని మాట్లాడింది? పుస్తకం చూద్దామంటే అత్త సంచిలో ఉండిపోయింది. అరవై మంది తనవైపే చూస్తున్నారు. పాప ఏడుస్తూనే ఉంది. ఆమె నోరు దానంతటదే కదిలింది.

"ఆమె ముఠాలో ఒక బాలింత ఉండేది. బిడ్డకు పాలిచ్చేదానికి గట్టెక్కితే మడిలో ఆమె వంతు మునం వెనకబడిపోతుందని, వరస వంకర పోతుందని మేస్త్రి ఒప్పుకోలేదు. అప్పుడు ఎర్సీలియా ఏం చేసిందంటే, బాలింతకు ఈపక్క ఉన్నామె, ఆపక్క ఉన్నామె చెరి సగం ఆ మునం పట్టమనింది. బాలింత గట్టెక్కింది. మేస్త్రి తిరిగి చూస్తే వరస తాడు పట్టినట్టుండాది. మనిషి లేదు, మునం ఉంది. ఇంకేం అంటాడు? కర్ర ఊపుకుంటా పక్క మడికి పోయినాడు."

చప్పట్ల మధ్య వచ్చి కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకున్నాక గానీ ఆమెకు తెలియలేదు, తానేం చేసిందో. పుస్తకంలో మునం మాటే లేదు. మునమంటే మడిలో ఒక్కొక్కరి వంతుకు వచ్చే పట్టీ. ఇటలీ వాళ్లకు దాని పేరేంటో ఎవరికి తెలుసు? అది చిట్టమూరు దగ్గర నాట్లలో వాళ్లమ్మ ముఠా ఆడవాళ్లు చేసిన పని. గట్టుమీద పాలు తాగిన బిడ్డ తానే. చచ్చిపోయిన మహాతల్లి పేరు మీద, నిండు సభలో, అబద్ధం చెప్పింది. మగ్దలీనమ్మ మొహం చూడలేక తల వంచుకుంది.

మెట్లు దిగుతుంటే తన బల్ల దగ్గరే పనిచేసే ఆదిశేషమ్మ వెనకనుంచి భుజం పట్టుకుంది. ఏభై దాటిన మనిషి, ఒలుపులో ఆమె చేతిని మించింది లేదు.

"మే, మన బల్లకు ఎంతమందిమి?"

"ఆరుగురం గదా పెద్దమ్మా."

"ఆ ఇటలీ ఆడోళ్లకు చేతనైంది మనకు చేతకాదా? రేపు పదింటికి నువ్వు లెయ్యి. నీ ట్రే మేం చూసుకుంటాం."

"వద్దు పెద్దమ్మా, నా మూలంగా మీకు..."

"నోర్ముయ్. నాయకురాలి మాట కాదంటావా?"

నిజం చెప్పడానికి నోరు తెరిచింది సుభాషిణి. కానీ ఆదిశేషమ్మ అప్పటికే మిగిలిన నలుగురినీ కేకేస్తూ మెట్లు దిగిపోయింది.

సోమవారం షెడ్డులో ఎప్పటి చలే. తెల్ల కోట్లు, టోపీలు, మోకాళ్లదాకా బూట్లు. ఐసులో రొయ్య తల తుంచి, పొట్టు ఒలిచి, నల్లనరం లాగి ట్రేలో వెయ్యడం. ఏ బల్ల ఎన్ని ట్రేలు నింపిందో అరగంటకోసారి గోడమీది బోర్డులో రాస్తారు. పది కాగానే ఆదిశేషమ్మ మోచేత్తో పొడిచింది. సుభాషిణి చేతులు కడుక్కుని, వెనక్కి చూడకుండా గేటుకేసి నడిచింది.

గేటు పక్క గోడ నీడలో పాప రొమ్ము అందుకుని గుటుక్ గుటుక్‌మని తాగుతుంటే, లోపల నరేంద్రబాబు ఆ బల్ల దగ్గర ఆగినాడట. ఈ సంగతంతా తర్వాత ఆదిశేషమ్మ చెప్పిందే.

"ఇంకోటి ఏది?"

"ఏ ఇంకోటి సార్?"

"ఆరుగురుండాల. ఐదుగురుండారు."

"మనుషుల్ని ఎందుకు ఎంచుతారు సార్, ట్రేలు ఎంచుకోండి."

ఆయన పదిన్నర లెక్క రాసేదాకా అక్కడే నిలబడ్డాడు. బోర్డు మీద ఆ బల్ల లెక్క తగ్గకపోగా పక్క బల్లకంటే ఒక ట్రే ఎక్కువ తేలింది. అయినా ఊరుకోలేదు. తిరిగొచ్చి చేతులు కడుక్కుంటున్న సుభాషిణిని మేనేజరు గదికి నడవమన్నాడు. అయిపోయింది, అనుకుంది.

పొద్దున్నే ఆదిశేషమ్మ చేసిన కబురందుకుని వచ్చిన మగ్దలీనమ్మ గది బయట ముందే నిలబడి ఉంది. చేతిలో ఏదో కాగితం. ఇద్దరూ కలిసే లోపలికి పోయారు.

"సార్, బిడ్డకు పదిహేను నెలలు నిండేదాకా రోజుకు రెండుసార్లు పాలివ్వనియ్యాలని మన చట్టంలోనే ఉండాది," అని మగ్దలీనమ్మ కాగితం ముందు పెట్టింది. "మీకు పని ఆగిపోతుందని గదా దిగులు. బోర్డు చూడండి."

మేనేజరు కాగితం చదివాడు. లేచి తలుపులోంచి బోర్డు చూశాడు. సూపర్‌వైజరును చూశాడు. "ట్రేలు తగ్గనప్పుడు ఈ పంచాయితీ నాదాకా ఎందుకు తెచ్చినావయ్యా? షెడ్డులో ఇద్దరు బాలింతలున్నారు, ఇద్దరికీ రాసి నోటీసు అంటించు" అన్నాడు.

బయటికొచ్చి సుభాషిణి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. కళ్లలో తిరిగిన నీళ్లను మోచేత్తో తుడుచుకుంది.

"అక్కా, ఒకటి చెప్పాల. నిన్న నేను చెప్పిన మునం సంగతి..."

"పుస్తకంలో లేదు. నేను చదవకుండానే మీకు పంచినాననుకున్నావా?" అని మగ్దలీనమ్మ నవ్వింది. "ఆపుదామనుకున్నా. ఆదిశేషమ్మ మొహం చూసి ఆగినా. అది ఎవురు చేసింది?"

"మా అమ్మోళ్లు. చిట్టమూరులో."

"మరి ఆ మాట చెప్పేదానికి సిగ్గెందుకే? మీ అమ్మ చేసిన పని మీ అమ్మ పేరుతోనే చెప్పు. పోయి వాళ్లకు ఇప్పుడే చెప్పు."

బల్ల దగ్గరికి పోయి, రొయ్య తల తుంచుతూ, తలెత్తకుండా చెప్పింది సుభాషిణి. ఆదిశేషమ్మ చేతులాపకుండానే విని, "ఎవురైతే ఏందిమే, పాప తాగిందా లేదా?" అనింది. పక్కనున్నామె మాత్రం, "చిట్టమూరోళ్లయితే మనకు ఇంకా దగ్గరే గదా" అని నవ్వింది.

షిఫ్టు దిగి ఇంటికి పోయేసరికి పిచ్చమ్మ వాకిట్లో పాపను భుజానేసుకుని నిలబడి ఉంది. సంగతంతా విని, కోడలి నెత్తిన చెయ్యి వేసి మెటికలు విరిచింది. మరుక్షణం మొహం చిట్లించింది.

"ఉండుమే. రోజుకు రెండుసార్లా? ఒక్కసారికే నా మోకాళ్లు పోతుండాయి. ఆ రెండోసారి నీ మొగుణ్ణి మోసకరమ్మను. రెండు నెలలు వేట లేకుండా గట్టునే గదా ఉండబోతాడు."

లోపల వల సరిచేసుకుంటున్న చిన్నపోలయ్య, "మోసకస్తాలేమ్మా" అన్నాడు.