వంగిన పిన్ను పగ

నేను ఒక కేబుల్‌ని. కంప్యూటర్‌కూ దాని తెరకూ మధ్య వేలాడే నీలం తల కేబుల్‌ని. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, తెరతో పాటు అట్టపెట్టెలో ధర్మవరం చేరాను. పట్టుచీరలకు డిజైన్లు గీసే ఓబులేసు కొట్లో నన్ను బిగించారు. నా తలనిండా పిన్నులే. కొన్ని రంగులు మోస్తాయి. తెర ఎంత వెడల్పో, ఎంత ఎత్తో కంప్యూటర్‌కు చెప్పే పిన్ను వేరే ఉంది.

ఓబులేసుకు కోపం ముక్కు మీదుంటుంది. ఒకరోజు కంప్యూటర్ తొందరగా తెరుచుకోలేదని, స్క్రూలు సరిగా విప్పకుండానే నన్ను పట్టి పెరికాడు. మళ్ళీ అడ్డదిడ్డంగా గుచ్చాడు. కొలత చెప్పే పిన్ను కాస్తా వంగిపోయింది. ఆ నొప్పితోనే ఒట్టు పెట్టుకున్నాను: వీడికి ఇక కొలత చెప్పను.

మర్నాడు తెర మీద బొమ్మలన్నీ లావెక్కాయి. గుండ్రటి బుట్టాలు కోడిగుడ్లయ్యాయి. డిజైను కోసం నిన్నట్నుంచీ కొట్టు చుట్టూ తిరుగుతున్న నేతగాడు కుళ్ళాయప్ప, "ఇదేం నెమలప్పా, బాతు మాదిరి ఉంది!" అని నవ్వాడు. నాకు కడుపు నిండింది.

కానీ ఓబులేసు పోయి, అక్కడ డిజైన్లు గీసే గౌసియా మీద పడ్డాడు.

"నువ్వు విండోస్ తీసేసి ఆ లినక్స్ ఎక్కించినప్పుడే అనుకుంటి. చెడగొట్టినావు. సాయంత్రానికి బాగు చెయ్యి, లేకుంటే రేపట్నుంచి రావద్దు."

నా దెబ్బ తగలాల్సినవాడికి తగల్లేదు. ఒళ్ళు మండింది.

గౌసియా ఏడవలేదు. సెట్టింగుల్లో రెజల్యూషన్ జాబితా, అంటే తెర కొలతల జాబితా, తెరిచింది. ఉండాల్సిన కొలత అందులో లేనే లేదు. కంప్యూటర్‌కు నేరుగా ఆదేశాలిచ్చే టెర్మినల్‌లో ఆ కొలతను తనే టైపు చేసి ఎక్కించింది. బొమ్మ సరైంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేస్తే మొదటికొచ్చింది. "లినక్స్‌ది కాదు తప్పు. దానికి కొలత అందడంల్యా" అని గొణుక్కుంటూ పక్క కంప్యూటర్ కేబుల్ తెచ్చి పెట్టింది. అంతా చక్కబడింది. అప్పుడు నన్ను వెలుతురుకెత్తి నోట్లోకి చూసింది.

"ఓబులేసన్నా, ఈ పిన్ను ఎవురు వంచినారు?"

కుళ్ళాయప్ప ఇంకా అక్కడే ఉన్నాడు. "ఎవురేంది? నిన్న నా ముందరే కలుపు పెరికినట్టు పెరికితివి కదప్పా!"

ఓబులేసు మొహం మాడిపోయింది. "సరేలేమ్మా, నాదే తప్పు" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అది నాకు చాలలేదు. చెత్తబుట్టలో పడేద్దామని ఓబులేసు నన్ను చుట్ట చుడుతుంటే, నా తల రేకు అంచును అతని బొటనవేల్లోకి దించేశాను. "అబ్బా!" నెత్తురు బొటబొటా కారింది.

గౌసియా పరుగున వచ్చి గుడ్డపేలిక చింపి కట్టింది. "నొప్పి ఎక్కువుందా అన్నా?" అని ఒకటే అడగడం.

ఆమె మంచిది. నేను మాత్రం, చెత్తబుట్టలో పడి, ఇంకాస్త లోతుగా దించాల్సింది అనుకున్నాను.