రెండో గ్లాసు

పెద్ద వరద తీసిన మరుసటి ఏడు జరిగిందిది. వరద వెనకాలే వచ్చిన జ్వరంలో మా అక్క పోయింది. బావ నవలలు రాస్తాడు. వాటిని అచ్చువేసే ప్రెస్సులో నేను కంపోజిటర్ని. సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చాలి. రాసింది రాసినట్టు పేర్చడమే పని. చుక్క మార్చినా తప్పే.

ఆ ఏడు బావ తెచ్చిన నవలలో ఒంటరి మనిషి ఒకడున్నాడు. పొద్దున్నే లేస్తాడు, పొయ్యి వెలిగిస్తాడు, రెండు గ్లాసులు కడుగుతాడు. ఒకదాంట్లో టీ పోసుకుంటాడు, రెండోది బోర్లిస్తాడు. పనికి పోతాడు. మర్నాడూ అంతే. ఆడమనిషి ఊసు ఎక్కడా లేదు. నాలుగో పేజీ పేరుస్తుంటే నా కంటికి అక్షరం ఆనలేదు. కుళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ పనిలో నిలబడ్డాను.

ప్రెస్సు ఓనరు చెడ్డవాడు కాడు. బస్టాండులో, రైలు స్టేషన్లో పుస్తకం కదిలితేనే మా అందరి పొయ్యీ వెలిగేది. ఆ ఏడు జనం హత్యల పుస్తకాలే అడుగుతున్నారని, అట్ట మీద నెత్తుటి చుక్క లేనిదాన్ని చేత్తో కూడా ముట్టడం లేదని చెప్పాడు. బావను కూర్చోబెట్టి నెమ్మదిగానే అన్నాడు.

“మీ నవలలో టీ చల్లారుతోంది గానీ కథ వేడెక్కడం లేదు గురువుగారూ. ఆ రెండో గ్లాసు పెళ్ళానిదేనా? అయితే ఆవిణ్ణి ఎవడో విషం పెట్టి చంపాడని రాయండి.”

బావ కాగితాలు తీసుకుని వెళ్ళాడు. వారం తర్వాత ఇరవై పేజీలు తెచ్చి నా ముందు పెట్టాడు. చదివాను. గ్లాసులో విషం. కాగితాలు మడిచి ఆయన చేతికే ఇచ్చేశాను.

“అక్క జ్వరంతో పోయింది బావా. దాన్ని ఎవరూ చంపలేదు.”

“పుస్తకంలో మీ అక్క లేదురా.”

“మరి నాలుగో పేజీ దగ్గర నేనెందుకు మొహం కడుక్కొచ్చాను?”

ఆయన మడత విప్పి కాగితాలు సాపు చేశాడు. హత్య లేకపోతే ఈ పుస్తకమే లేదన్నాడు. ఇంకోటి రాసే ఓపిక తనకి లేదని కూడా అన్నాడు.

“చంపక తప్పకపోతే నీకు వాటా అద్దెకిచ్చిన ఇంటివాణ్ణి చంపు,” అన్నాను. “వాడు కుళాయి నీళ్ళు ఆపినప్పుడల్లా నోటితో చంపుతూనే ఉన్నావుగా.”

వరద తర్వాత బావ నవ్వడం అదే మొదలు.

మూడు రోజుల్లో మార్చి తెచ్చాడు. ఇంటివాడు మెట్ల మీద చచ్చి పడుంటాడు. పోలీసాయన వాటా వాటాకీ తిరుగుతూ ఆ ఒంటరి మనిషి గదిలోకొస్తాడు. ఒక్కడివే అయితే రెండు గ్లాసులెందుకు, రెండోది ఎవరిదని గుచ్చి గుచ్చి అడుగుతాడు. గ్లాసులు కడగడం చదివి ఆవలించినవాడు కూడా ఇక్కడ ఊపిరి బిగబట్టుకుంటాడు. ఓనరు భేష్ అని తొడ చరిచాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆ ప్రశ్నకి జవాబు అక్కడే పడాలి, లేకపోతే కొన్నవాడు తిట్టుకుంటాడు. బావ నిలబడే రాశాడు, ‘నా భార్యది. పోయింది.’ అని. రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాడు.

సాయంత్రం వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. ఆ వరస ఉంచాలా అని అడిగాను.

“ఓనరు ఉంచమన్నాడు.”

“నేనడిగింది నిన్ను.”

చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఓనరు రాకముందే ప్రెస్సు తలుపు తీశాను. పోలీసాయన ప్రశ్న పేర్చాను. జవాబు వరసలో అక్షరాలు పెట్టలేదు. ఖాళీ అయినా ఊరికే నిలవదు. అక్కడ సీసం పెట్టకపోతే పైవీ కిందవీ జారిపోతాయి. అక్షరం ముఖం లేని, కాగితం మీద అచ్చు పడని సీసం ముక్కలు ఏరి ఆ వరసంతా నింపాను. దాని కింద పోలీసాయన టోపీ పెట్టుకుని బయటికి నడిచే వాక్యం పేర్చి, అక్షరాలు చెదరకుండా పేజీకి దారం బిగించి, అచ్చు మిషను మీదికి పంపాను.