మంచం దిగని పిల్ల

నాన్న కిరాణా దుకాణంలో మానస కందిపప్పు పొట్లం కట్టి, దారాన్ని పళ్లతో తెంపింది. కళ్ల కింద నలుపు, దువ్వెన ఎరగని జుట్టు. బారావీ, అంటే పన్నెండో తరగతి, అయినప్పటి నుంచి ఆమెకు పక్క మీంచి లేవడమే గగనమైపోయింది. బద్ధకమని నాన్న రాజలింగం గిరాకీల ముందే అనేవాడు. బద్ధకమైతే ఎంత బాగుండేది!

పొట్లాల కోసం మంచిర్యాల నుంచి తెచ్చిన పాత పుస్తకాల మూటలో ఆ నవల దొరికింది. అట్ట మీద మంచంలో పడుకున్న పిల్ల, చుట్టూ ఎగిరే దీపాలు. మహారాష్ట్ర ఒడ్డున ఉన్న తమ సిరొంచలో మరాఠీ బడికి పోయిన మానసకు తెలుగు నోటికే గానీ కంటికి రాదు. గోదావరి అవతల తెలంగాణలో పుట్టిన నానమ్మ అన్నపూర్ణమ్మ కూడబలుక్కుంటూ రోజుకింత చదివి వినిపించేది.

నవలలో నది కింద ఒక రాజ్యం. ఆ పిల్ల చెయ్యి ఊపితే దీపాలు ఎగిరేవి. ఒకనాడు మంచం దిగలేకపోయింది, ఊరంతా చీకటైంది. శాపం లేదు, చావు లేదు, ఊరికే. ఆ 'ఊరికే' దగ్గర మానసకు ఏడుపొచ్చింది. తనలాంటిది ఇంకొకతి ఉందన్నమాట. అది లేస్తుందో లేదో తెలిస్తే చాలనుకుంది.

ఇవాళే తెలియాలి. జాగ మారితే బాగవుతుందని ఆమెను సాయంత్రం బస్సుకు ఏటపల్లిలో మేనత్త దుకాణానికి పంపుతున్నారు.

"నానమ్మా, ఇయ్యాల ఆఖరు దాకా సదువు."

అన్నపూర్ణమ్మ చివరి పేజీని పెదవులు కదుపుతూ చాలాసేపు చూసింది. తర్వాత గడగడా చెప్పింది. "రాజకొడుకు వచ్చిండు బిడ్డా. చెయ్యి పట్టి లేపిండు. దీపాలన్నీ ఎలిగినయి. పెండ్లయింది."

ముసలమ్మ ఎన్నడూ తడుముకోకుండా చదివింది లేదు.

"గంతేనా?"

"గంతే. నువ్వు గూడ గట్లనే లేస్తవు."

మానసకు కోపం కూడా రాలేదు. ఉన్న ఒక్క తోడునూ పెళ్లి చేసి పంపేశారు. ఇక తనొక్కతే.

బస్సులో సంచి పెట్టి రాజలింగం అన్నాడు: "జర నవ్వుకుంట ఉండు. అత్త పరేషాన్ అయితది."

ఆమె తలూపింది. బస్సు వెళ్లిపోయింది.

నిజానికి ఆ చివరి పేజీలో పెళ్లి లేదు. పిల్ల ఆ రోజూ లేవలేదు. పక్కింటి అమ్మాయి వచ్చి, లెమ్మని అడగకుండా, మంచం పక్కన నేల మీద కూర్చుంది. తెల్లారేదాకా చీకట్లో ఇద్దరూ అలాగే ఉన్నారు. ప్రయాణం పూట మంచి మాటే పలకాలని అన్నపూర్ణమ్మ అది దాచింది. మంచే చేశాననుకుంది పాపం.

సిరొంచ దుకాణంలో బియ్యం బస్తా మీద నవల మూసి ఉంది. అట్ట మీది పిల్ల ఇంకా పడుకునే ఉంది.