హాజరు పలకనివి

ఆ ఇంట్లో వీధి తలుపు తీయాలన్నా, బట్టలుతికే మిషను తిప్పాలన్నా ముందు హాజరు వేయాల్సిందే. గింజల డబ్బా రెండుసార్లు గలగలలాడిస్తే చాలు, సున్నం, మసి ఏ మూలనున్నా పరుగెత్తుకొస్తాయి. సున్నం తెల్ల కుందేలు, మసి నల్లది. పంజరమూ లేదు, పాడూ లేదు. ఇల్లంతా వాటిదే, మనుషులే అద్దెకున్నవాళ్ళలా ఒదిగి నడవాలి. ఈ హాజరు పద్ధతి పెట్టింది పదేళ్ళ పిల్ల. దాని తల్లిని పెళ్ళాడి నాలుగు నెలల కిందట ఆ ఇంట్లో అడుగుపెట్టిన కరెంటు మేస్త్రీ చేతికి మాత్రం ఆ డబ్బా ఇంతవరకూ ఇవ్వలేదు.

ఎందుకిస్తుంది లెండి! ఊళ్ళో వాళ్ళందరి ఇళ్ళకీ వైర్లు లాగే మనిషి, సొంతింట్లో చార్జరు వైరు దక్కించుకోలేకపోయాడు. ఇప్పటికి ఏడు కొరికేశాయి. "వీటికి నామీదే కక్ష" అని ఒకటే గొణుగుడు. చివరికి ఆ కోపం తీసుకెళ్ళి పాత సోఫా మీద పెట్టాడు. కింది గుడ్డ చింపి లోపల దూరుతున్నాయి, కంపు కొడుతోంది, పంపించేద్దాం అన్నాడు. "తొందరేముందండీ, సెలవుల్లో చూద్దాం" అంది భార్య. ఊహూఁ, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు! పాత సామాన్ల వాళ్ళకి ఫోన్ చేసి మర్నాడే రమ్మన్నాడు.

బడికి బయల్దేరుతూ ఆ పిల్ల గుమ్మంలో కాసేపు తటపటాయించింది. తర్వాత డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"రెండూ కనిపించాకే తలుపు తియ్యండి అంకుల్. మర్చిపోరుగా?"

"ఎందుకు మర్చిపోతాను తల్లీ" అన్నాడు. అన్నాడే గాని, లోపల పొంగిపోయాడు. నాలుగు నెలల్లో ఆ పిల్ల అతన్ని నమ్మి అప్పజెప్పిన మొదటి పని అది.

చెప్పింది చెప్పినట్టే చేశాడు పాపం. డబ్బా ఆడించాడు. సున్నం వచ్చింది, మసి వచ్చింది. రెంటినీ స్నానాలగదిలో పెట్టి తలుపేశాడు. మందుల షాపులో పనిలో ఉన్న భార్యకి సాక్ష్యంగా ఫోటో కూడా పంపాడు. అప్పుడే వీధి తలుపు తీసి సోఫా వ్యానెక్కించాడు. ఎవరైనా వంక పెట్టగలరా చెప్పండి!

కుందేళ్ళని బయటికి వదిలేసరికి మసి తిన్నగా సోఫా ఉన్న చోటికే పరుగెత్తింది. ఖాళీ నేలని గోళ్ళతో బరికింది. గడ్డి నోట కరుచుకొచ్చి అక్కడ పడేసి మళ్ళీ పరుగెత్తింది. "కొత్తది వస్తుందిలేవే, దాన్నీ చింపుదువుగాని" అని నవ్వాడు. పొద్దున్నించీ పడుతున్న వాన వల్ల పనికి వెళ్ళబుద్ధి కాక, దాని తమాషా చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం బడినుంచి వచ్చిన పిల్ల సంచీ దించకుండానే ఆగిపోయింది.

"ఎప్పట్నుంచి మోస్తోంది గడ్డి?"

"సోఫా వెళ్ళిందగ్గర్నుంచీ ఇదే వరస. నిన్న సోఫా కింద ఊడిస్తే దోసెడు బొచ్చు వచ్చింది. జబ్బేమైనా చేసిందంటావా?"

పిల్ల మసిని ఎత్తి పొట్ట చూసింది. పొట్ట మీద బొచ్చంతా పీకేసి ఉంది.

"మగది కాదు అంకుల్." ఆ పిల్ల సోఫా ఉన్న చోటుకేసి చూసింది. "పిల్లల్ని పెట్టింది. తన బొచ్చే పీకి వాటికి పరిచింది. సోఫాలో ఉన్నాయి."

అతని పై ప్రాణాలు పైనే పోయాయి. రెండూ మగవేనని ఒట్టేసి మరీ అమ్మాడు కదా ఆ అంగడివాడు! వాణ్ణి తిట్టుకోవడానికి కూడా వ్యవధి లేదు. ఫోన్ చేస్తే వ్యాను డ్రైవరు ఎత్తలేదు. పిల్లని స్కూటరు మీద ఎక్కించుకుని ఆ వానలోనే బయల్దేరాడు. అది వెనక సీటు కమ్మీ పట్టుకుంది గాని అతన్ని పట్టుకోలేదు. దారి పొడుగునా "త్వరగా, త్వరగా" అంటూనే ఉంది. ఆ మాటల మధ్యనే అది అతనికి చెప్పింది: నిన్నో మొన్నో పుట్టిన కూనలకి ఒంటిమీద బొచ్చుండదు. తడిస్తే బతకవు.

పాత సామాన్ల షెడ్డు దగ్గర కాపలా పెద్దాయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. "పొద్దున వచ్చినవా? అవిగో, ఆరుబయటే పడేశారు. రేపు గాని విప్పరు."

సోఫా తలకిందులుగా ఉంది. చినిగిన గుడ్డలోంచి నీళ్ళు లోపలికి కారుతున్నాయి. వైర్లు కోసే కత్తితో గుడ్డ చీల్చి చెయ్యి పెట్టాడు. ముద్దయిన బొచ్చు తగిలింది. దాని కింద వేలెడేసి కూనలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అన్నీ చల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. పిల్లకి కనపడకుండా వీపు అడ్డం పెట్టాడు, కాని అది చూడనే చూసింది. అయిదోది మాత్రం మెత్తగా ఉంది.

"ఒంటికి ఆనించుకోండి! నా చేతులు చల్లగా ఉన్నాయి, మీరే, మీరే!"

షెడ్డులోకి పరుగెత్తి, చొక్కా గుండీలు తెంపి, కూనని రొమ్ముకి ఆనించుకుని అరచెయ్యి మూశాడు. "బతకవే తల్లీ" అన్నాడు పైకే, సిగ్గు లేకుండా. "నీకు దణ్ణం పెడతానే. ఇంట్లో వైర్లన్నీ కొరుక్కో, నన్ను కూడా కొరుక్కో. బతుకు చాలు." చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని ఎవరైనా అనొచ్చు. అతనికా క్షణాన పట్టుకోడానికి ఇంకేం మిగిలింది?

పావుగంట గడిచింది. ఇంకా ఎంతో గడిచింది. పిల్ల ఉండబట్టలేక చొక్కాలో చెయ్యి దూర్చి అతని వేళ్ళ కిందికి పోనిచ్చింది. దాని ముఖం వెలిగిపోయింది.

"అంకుల్! కొట్టుకుంటోంది! గుండె కొట్టుకుంటోంది!"

కూన కదలడం లేదని అతనికి ఎప్పుడో తెలిసింది. అవునంటే చాలు, ఇల్లు చేరేదాకా ఆ పిల్ల నవ్వుతుంది. ఆ నవ్వు కోసం ప్రాణం ఇచ్చేయొచ్చనిపించింది.

"అది నాది తల్లీ" అన్నాడు.

"కాదు."

"నాదేనమ్మా. నాదే."

పిల్ల చెయ్యి తియ్యలేదు. ఇంకా గట్టిగా అదిమి చూసింది. పెదవి బిగబట్టింది, ఆగలేక అతని తడి భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఇంకాసేపు అలాగే ఉంచండి" అంది కాసేపటికి.

"అలాగే" అని, చెయ్యి కదపకుండా కూర్చున్నాడు.