ఇన్‌స్పెక్టరమ్మ కంపు మానిటర్

పొద్దున పదింటికి ఆహార తనిఖీ ఆఫీసు తాళం తీయగానే గుమస్తా చేసే మొదటి పని కిటికీలన్నీ బార్లా తెరవడం. రెండోది ఇన్‌స్పెక్టరమ్మ మానిటర్ ఆన్ చెయ్యడం. ఈ వరస తప్పిన రోజు ఆ గదిలో ఈగలు కళ్లు తిరిగి పడిపోయేవి. వాటిని చేటలకొద్దీ ఎత్తి పారబోసినవాళ్లు ఇప్పటికీ బతికే ఉన్నారు, కావాలంటే అడగండి.

ఊళ్లో హోటళ్లవాళ్లూ క్యాంటీన్లవాళ్లూ ఎవరి వంటగది ఫొటోలు వాళ్లే తీసి పంపుతారు. వెళ్లి చూద్దామంటే ఆఫీసుకి బండి లేదు. ఫొటో చూసి ఇన్‌స్పెక్టరమ్మ సంతకం పెట్టాలి. ఫొటోలో ఏ వంటగదైనా పెళ్లికూతురే. అయితే ఆమె బల్ల మీది మానిటర్ పాతకాలపు సరుకు. వెనక బానంత పొట్ట. ఎత్తాలంటే నలుగురు, దించాలంటే ఆరుగురు. ఫొటో తీసిన చోట ఏ వాసన ఉంటే ఆ వాసన దాని వెనక సందుల్లోంచి గదిలోకి వచ్చేది. అలమర కింద చచ్చిన ఎలుకనీ, మూడు గోడల అవతల మురిగిన నూనెనీ పట్టేసేది. పోలీసు కుక్కలు ఆ ఆఫీసు ముందు తోక ముడుచుకుని నడిచేవి.

ఆ మంగళవారం పెద్దసారు పాత కంప్యూటర్‌ని పంపించేసి కొత్త కంప్యూటరూ, పల్చటి కొత్త మానిటరూ తెప్పించాడు. ఒక కాంట్రాక్టరు పంపిన వంటగది ఫొటో అందులో తెరిచాడు.

"అద్దంలా ఉంది చూడమ్మా. ఇప్పటికే రెండు ఆసుపత్రులకి ఇక్కణ్నుంచే వండి పంపుతున్నారట. ఈ సాయంత్రం నుంచి మన పెద్దాసుపత్రికీ వీళ్లే. మూడింటికల్లా సంతకం పెట్టెయ్. పాతవాళ్ల గడువు అయిపోయింది. నువ్వు ఆపితే నాలుగు వందల మంది రోగులు పస్తులు."

"వాసన రావట్లేదు సార్."

"రాకపోతే మంచిదేగా!"

"ఈ పల్చటిదానికి ముక్కే లేదు సార్. పాతది తగిలించాకే సంతకం."

ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే కొట్టున్న తన మరిదిని పిలిపించింది. అతను వస్తూనే పాత మానిటర్‌ని వెనక్కి తిప్పి ముఖం చిట్లించాడు. సందుల నిండా జిడ్డు, జిడ్డు నిండా బొద్దింక గుడ్లు.

"ఛీ! మూడు తరాలు కాపురం చేశాయి వదినా ఇందులో. ఇంకా ఈ దున్నపోతుని మేపుతున్నావా?"

"నిన్ను మేపట్లేదూ? పని చూడు."

కొత్త కంప్యూటర్లో తెరకి బొమ్మ పంపే గ్రాఫిక్స్ కార్డుకి ఉన్నవన్నీ డిజిటల్ సాకెట్లే. పాతదానిది నీలం మూతి కేబుల్. మరిది జేబులోంచి చిన్న అడాప్టర్ తీశాడు. అదీ ఎక్కలేదు. దాని బద్దలాంటి పిన్ను చుట్టూ నాలుగు సన్న పిన్నులున్నాయి, సాకెట్లో వాటికి చిల్లుల్లేవు. అడ్డమొచ్చిన నాలుగింటినీ పట్టకారుతో టకటకా విరిచేసి, కోట తలుపు బద్దలుకొట్టినవాడిలా మీసం తిప్పాడు. అడాప్టర్ బుద్ధిగా కూర్చుంది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"బొమ్మేదయ్యా?"

మరిది తల గోక్కున్నాడు. "బొమ్మ తెచ్చేవి ఆ నాలుగు పిన్నులే వదినా."

"అంటే ముక్కు కోసేసి వాసన చూడమంటావు!"

"విరవకపోయినా వచ్చేది కాదులే. ఈ కార్డు అంకెలే పంపుతుంది, నీ మానిటర్‌కి అలలు కావాలి. మధ్యలో ఒకదాన్ని ఇంకోటిగా మార్చే డబ్బా పెట్టి, దానికి విడిగా కరెంటివ్వాలి."

"అది విరిచే ముందు తెలీదా?"

"విరిచాకే గుర్తొచ్చింది."

రెండున్నరైంది. మరిది కొట్టుకి పరిగెత్తిన పరుగుకి బస్సులు పక్కకి జరిగి దారిచ్చాయి. డబ్బా తెచ్చి తగిలించాడు, పాతదానికి సరిపడేలా బొమ్మ కొలత తగ్గించాడు. మానిటర్ రెండుసార్లు చిటపటమని, తెల్లటి వంటగదిని చూపించింది. అందరూ ముక్కులు మూసుకున్నారు.

కంపేం రాలేదు. కొత్త రంగు వాసన, అట్టపెట్టెల వాసన, అంతే. పెద్దసారు పెన్ను అందించాడు.

ఇన్‌స్పెక్టరమ్మ అందుకోలేదు. "రెండు ఆసుపత్రులకి వండే చోట ఉల్లిపాయ వాసనైనా లేదేం సార్? ఇక్కడ పొయ్యే వెలిగించలేదు."

ఫొటోలో వెనగ్గా ఓరగా తెరిచిన తలుపుంది. ఆ చీకటి సందుని ఆమె పెద్దది చేసింది.

అప్పుడొచ్చింది. పంతొమ్మిదిసార్లు కాగిన నూనె, కాలవ నీళ్లలో నానిన మాంసం, బూజుపట్టిన గుడ్డ, వీటన్నిటినీ కలిపి ఎవరో వేడిచేసినట్టు. గోడమీద క్యాలెండర్ మెలికలు తిరిగింది. గుమస్తా కిటికీలోంచి సగం బయటికి వేలాడాడు. పెద్దసారు చెత్తబుట్టలోకి వాంతి చేసుకుని, రుమాలు అడ్డంపెట్టుకుని, "వాసనొచ్చిందని ఫైల్లో రాయలేం కదమ్మా. పస్తులకి జవాబెవరు?" అన్నాడు.

"నేను."

'పొయ్యి వెలగని గది ఫొటో పంపారు. అసలు వండే గది చూపలేదు. అనుమతి లేదు' అని రాసి, మూడు కావడానికి ఐదు నిమిషాలుండగా దాని కింద సంతకం పెట్టింది.

సాయంత్రం పెద్దాసుపత్రి మూడో వార్డులో, ముందురోజే పేగు కుట్టించుకున్న తాపీమేస్త్రీ ఒకడు మెత్తటి తిండి కోసం ఎదురుచూస్తున్నాడు. గిన్నె రాలేదు. పై ఆఫీసులో ఎవరో ఆపేశారని చెప్పి, నర్సు బయటినుంచి కొనుక్కొచ్చి సగం గ్లాసు కాచిన పాలు ఇచ్చింది. "ఏ దరిద్రపు ముండాకొడుకు ఆపాడో, వాడి కంచంలో పురుగులు పడ!" అని తిట్టుకుంటూ, కాలే కడుపుతో పడుకున్నాడు.

తెల్లారగానే లేచి, కుట్లు చేత్తో అదిమిపట్టుకుని, మళ్లీ మొదట్నుంచీ తిట్టడం మొదలుపెట్టాడు. గొంతు వార్డంతా ఖంగున మోగింది.