బయటికి వెళ్ళని పుస్తకాలు

ఫోను మోగేసరికి సిస్టర్ చేతులు మోచేతులదాకా సబ్బు నురగలో ఉన్నాయి. అంటువ్యాధుల వార్డులో రాత్రి డ్యూటీ దిగేవాళ్ళు చేతులు కడుక్కోవడం అంటే మాటలు కాదు. వేళ్ళ సందులు, గోళ్ళ అంచులు, మణికట్టు చుట్టూ, అన్నీ విడివిడిగా తోముకోవాలి. ఆవిడ ఆ పనిని సగంలో ఆపే మనిషి కాదు. పక్కనే నిలబడ్డ ఆయమ్మ జాలిపడి, బల్లమీది ఫోను తీసి ఆవిడ చెవికి ఆనించింది.

"ఎవరది? పొద్దున్నే ఎవరికి తోచక?"

"నేనండీ, లైబ్రేరియన్ని. మీరు అడిగిన రెండో భాగం దొరికింది. నా బల్లమీదే ఉంది."

సిస్టర్ తోముతున్న చేతులు ఆగాయి. కుళాయి మాత్రం పారుతోంది.

"సిస్టర్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నా. ఇంకోసారి చెప్పండి."

అతను ఇంకోసారి చెప్పాడు. ఆవిడ నవ్వింది. ఆయమ్మ ఫోను వెనక్కి లాక్కుని, అందులో ఏముందా అని దాని మొహంలోకి చూసింది. తర్వాత వార్డువైపు తిరిగి, "మన సిస్టర్ నవ్విందర్రోయ్!" అని చాటింది.

"అయితే ఇవాళ వాన ఖాయం," అన్నాడు మూల మంచం మీది ముసలాయన.

"మాస్కు ముక్కు మీదికి లాక్కోండి. వాన సంగతి నేను చూసుకుంటా," అంది సిస్టర్.

తన వెనక రోగులందరూ తనను మిరపకాయ సిస్టర్ అంటారని ఆవిడకు తెలుసు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి పట్టించుకోదు. ఆవిడకు అన్నిటిమీదా కోపమే. బరబరమని శబ్దం చేసే స్ట్రెచరు చక్రం మీద, సంతకం పెట్టి కలం పట్టుకుపోయే డాక్టరు మీద, నిద్రపోతున్న రోగిని లేపి 'నిద్ర పట్టిందా' అని అడిగే బంధువుల మీద. అన్నిటికంటే ఎక్కువగా, చెడ్డ పుస్తకాల మీద.

ఆవిడ అడిగిన రెండో భాగం ఒక నవలది; దాని మొదటి భాగం లైబ్రరీలో చదివి మూడేళ్ళు దాటింది. మొగుడు పోయాక అతని బల్లకట్టును తనే నడిపిన ఒక మొండి మనిషి కథ. రేవులో అందరితోనూ గొడవే ఆ మనిషికి. మొదటి భాగం చివరి పేజీలో వరదకు తాడు తెగి, బల్లకట్టు నది మధ్యలోకి కొట్టుకుపోతుంది, దానిమీద ఆమె ఒక్కతే. అంతే, అట్ట వచ్చేసింది. అప్పటినుంచి సిస్టర్ ఆమెను నది మధ్యలో వదిలేసి ఇక్కడ ఇంజెక్షన్లు చేస్తోంది. మందుల ట్రే సర్దుతూ సర్దుతూ ఒక్కోసారి, 'ఆ వెదురు గడ ఉందిగా, అదన్నా పట్టుకో!' అని ఆమెమీద విసుక్కునేది.

రెండో భాగం కోసం వెతకని చోటు లేదు. బస్టాండు పక్క పుస్తకాల షాపులో పరీక్షల గైడ్లు, ధనవంతులు కావడం ఎలాగో చెప్పే పుస్తకాలు ఉంటాయి. ఆ షాపతను నవల అడిగితే, కూరగాయల కొట్లో మేకులు అడిగినట్టు చూస్తాడు. "కథల పుస్తకాలు ఎవరు కొంటారమ్మా?" అంటాడు. "నేను కొంటా. నేను కనపడట్లేదా?" అని ఆవిడ అరిచి వచ్చిన రోజులున్నాయి. ఆస్పత్రి వార్షికోత్సవంలో ఆవిడకు బహుమతిగా వచ్చింది కోపాన్ని జయించడం ఎలా అన్న పుస్తకం. మొదటి అధ్యాయానికే ఒళ్ళు మండిపోయి, దాన్ని కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది.

ఇంటికి చేరేసరికి భర్త గుమ్మంలో బూట్లు వేసుకుంటున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. అతను పగలు, ఆవిడ రాత్రి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, పెద్దవాళ్ళకు తెలియకుండా ప్రేమించుకునే కుర్రాళ్ళలా గుమ్మం దగ్గరే కలుసుకుంటారు. అతను ఆవిడకోసం టీ మీద సాసరు బోర్లించి ఉంచుతాడు. ఆవిడ అతని చొక్కా కాలరు సరిచేసి పంపుతుంది.

"ఏంటి, మొహం వెలిగిపోతోంది? ఎవరినైనా బాగా తిట్టావా?"

"రెండో భాగం దొరికింది."

"ఆ పడవావిడదా? ఒడ్డుకు చేరిందా పాపం?"

"పడవ కాదు, బల్లకట్టు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదో ఒకటి, నీళ్ళమీదే కదా," అని నవ్వి, గీతలు పడ్డ పనిముట్ల సంచి భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కిదిగే మనిషి, తన ఇంటికి మాత్రం నాలుగంతస్తులూ మెట్లే.

అత్తగారు సోఫాలో కాళ్ళు ముడుచుకుని టీవీ చూస్తోంది. చీర మార్చుకుని వచ్చిన కోడలిని తేరిపార చూసింది.

"మళ్ళీ ఎక్కడికి? రాత్రంతా కూర్చుని వచ్చావు, కాస్త నడుం వాల్చవే తల్లీ."

"కూర్చుని కాదత్తయ్యా, నిలబడి."

"మరింకేం, పడుకో. పుస్తకం ఎక్కడికి పోతుంది? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

సిస్టర్ టీ తాగేసి, బయటికొచ్చి తలుపు దగ్గరికి వేసింది. ఆ లైబ్రరీ వేళలు ఎవరు పెట్టారో గాని, దొరికితే వాళ్ళను నిలబెట్టి అడగాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది. ఆవిడ నిద్రపోవలసినంతసేపూ తెరిచి ఉంటుంది, డ్యూటీకి బయలుదేరే వేళకు మూసేస్తారు. అయినా వారానికి రెండు మూడు పగళ్ళ నిద్ర చంపుకుని వెళుతుంది. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, డ్యూటీ సంచి ముట్టుకోకుండా వెళ్ళి, అక్కడే కిటికీ పక్కన కూర్చుని చదువుకుని, పుస్తకాన్ని తీసినచోటే పెట్టి వస్తుంది.

ఒక్క పుస్తకాన్నీ ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే ఏమవుతుందో ఆవిడకు బాగా తెలుసు. మంచి పుస్తకాన్ని సగంలో వదిలి డ్యూటీకి పోయే నిగ్రహం తనకు లేదు. అది సంచిలోకి ఎక్కుతుంది, సంచీతోపాటు వార్డులోకి వెళుతుంది. ఆ వార్డులోంచి ఏది బయటికి వచ్చినా మందునీళ్ళతో తుడవాలి. థర్మామీటరును తుడవొచ్చు, చెప్పుల్ని తుడవొచ్చు, కాగితాన్ని ఎలా తుడుస్తారు? ఆ తర్వాత అదే పుస్తకాన్ని ఏ బాలింతో ఒళ్ళో పెట్టుకుని చదువుతుంది. అందుకని ఆవిడ కార్డు, ఇచ్చిన రోజున ఎలా ఉందో అలాగే ఉంది, తెల్లగా.

లైబ్రరీ గేటులో వ్యాను అడ్డంగా నిలబడి ఉంది. వ్యానుకు రాసుకోకుండా చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, డ్రైవరు వినేలా నాలుగు మాటలని లోపలికి వెళ్ళింది.

లోపల చల్లగా ఉంది. కొత్త ఏసీ పెట్టారు. గోడవారన నీలం సోఫాలు, ప్లాస్టిక్ కవర్లు కూడా ఇంకా విప్పలేదు. లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచి, పాపాయిని చేతికందిస్తున్నట్టు రెండు చేతులతోనూ పుస్తకాన్ని అందించాడు. మెత్తటి మాట, మెత్తటి మనిషి. ఆవిడ అరిచినప్పుడల్లా మంచినీళ్ళు ఇస్తాడు.

ఆవిడ మొదటి పేజీ తిప్పింది. 'తీరానికి ఇంకా చాలా దూరం ఉంది' అని మొదలైంది. బతికే ఉంది! ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో అడ్డంగా ముద్ర కొట్టి ఉంది: తొలగించినది.

"ఇదేంటి?"

"అదాండీ? వేరే బ్రాంచిలో పాత పుస్తకాలు తీసేస్తుంటే వెళ్ళాను. మూటలో ఇది కనపడింది. అరే, మన సిస్టర్ అడిగిందే కదా అని పక్కన పెట్టించా." అతని మొహంలో సంతోషం దాగడం లేదు.

"తీసేస్తున్నారా? ఎందుకు?"

"ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలు తీసెయ్యమని ఆర్డరండీ. అన్ని బ్రాంచిలకీ. చోటు కావాలి కదా, సోఫాలకీ వాటికీ..."

అప్పుడు ఆవిడ కిటికీవైపు చూసింది. తను కూర్చునే చోటు పక్క బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పై అరలు ఖాళీ. కింద గోనెసంచులు. ఒక మనిషి మోకాలితో సంచిని అదిమి మూతి కడుతున్నాడు.

"అవి నేను చదివినవి," అంది సిస్టర్. గొంతు పెద్దది చేయలేదు. ఆయమ్మ అక్కడుంటే భయపడి ఉండేది.

"మీరు చదివారు, నాకు తెలుసు. కానీ ఒక్కటీ మీ కార్డు మీద వెళ్ళలేదండీ. ఇక్కడ కూర్చుని చదివితే కంప్యూటరుకెలా తెలుస్తుంది? దాని లెక్కలో ఆ బీరువాని మనిషి ముట్టుకోలేదు."

"ఎవరయ్యా ఈ తెలివి కనిపెట్టింది? మంచం దిగని రోగిని పోయాడని రాసేస్తామా మేము? మూడేళ్ళనుంచి నిద్ర మానుకుని వచ్చి మీ కళ్ళముందు కూర్చున్నానే, మనిషినా, కర్టెన్నా? పొద్దున అంత ముద్దుగా ఫోను చేశారు, ఆ నోటితోనే ఒక్క మాట చెబితే అరిగిపోయేదా?"

"రెండోది దొరికిందన్న సంబరంలో... ఇది తట్టలేదండీ, నిజంగా." అతను మంచినీళ్ళ గ్లాసు జరిపాడు. ఆవిడ వెనక్కి జరిపింది.

"మొదటి భాగం ఎక్కడ?"

అతను తల వంచుకున్నాడు. "పొద్దున మొదటి ట్రిప్పులోనే వెళ్ళిపోయిందండీ. కాగితాల మిల్లుకి. ఈపాటికి నానబెట్టేసి ఉంటారు."

మూట కట్టే మనిషి సంచిని వీపుకెత్తుకుని, "జరగండమ్మా," అంటూ ఆవిడ పక్కనుంచే వెళ్ళిపోయాడు. బయట వ్యాను తలుపు పడింది. ఇంజను కాసేపు దగ్గి, సర్దుకుని, చప్పుడు సన్నగిల్లి, వీధి మలుపులో వినబడకుండా పోయింది. పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి పేజీ తిప్పాడు.

సిస్టర్ కుర్చీలో కూలబడింది. ఆర్డరు రాసినవాడిమీద కోపం, సోఫాలమీద కోపం, ఈ మెత్తటి మనిషి మెత్తదనం మీద కోపం. అవన్నీ ఒక చుట్టు తిరిగి ఆవిడ దగ్గరికే వచ్చి ఆగాయి. ముక్కూమొహం తెలియని ఏ బాలింతకోసమో ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ముట్టుకున్న జాడ మిగలకుండా చదివింది. ఆ పుస్తకాలు బతకడానికి ఆ జాడే కావలసి వచ్చింది. సబ్బు వాసన వదలని తన చేతులకేసి చూసుకుంది. వాటినీ తిట్టాలనిపించింది.

"మిగతావి?" అంది చివరికి.

"కింది మూడు అరలు రేపు మధ్యాహ్నం పోతాయి."

"కార్డు మీద బయటికెళ్ళిన పుస్తకాన్ని తీసెయ్యొచ్చా?"

అతని మొహంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. "కుదరదండీ. బయట ఉన్నదాన్ని తీసెయ్యకూడదు. అది కూడా ఆర్డరే. కానీ కార్డుకి రెండే ఇస్తాం."

"కొత్త కార్డులు ఎన్నైనా రాస్తారా?"

"దానికి ఆర్డరేమీ లేదు."

"అయితే ముందు ఇది రాయండి." రెండో భాగాన్ని బల్లమీద పెట్టింది.

"ఇది ఏ లెక్కలోనూ లేదండీ, తీసేసింది కదా. మీరే ఉంచేసుకోండి."

"నాకక్కర్లేదు. నేను లైబ్రరీకి ఇస్తున్నానని రాయండి. రాసి, కొత్త నంబరు వేసి, నా కార్డు మీద నాకే ఇవ్వండి."

అతను ఆవిడకేసి చూసి, నవ్వు ఆపుకుని, రాయడం మొదలుపెట్టాడు. "మరి ఇది వార్డుకి వెళితే...?"

"వెళ్ళదు. మా అత్తయ్య బీరువాలో పెట్టి తాళం ఆవిడకే ఇస్తా. నేనెంత బతిమాలినా డ్యూటీ వేళకి తాళం తియ్యదు, ఆవిడ సంగతి మీకు తెలియదు. ఆవిడకీ ఒక కార్డు రాయండి. మా ఆయనకొకటి."

ఆవిడ ఫోను తీసింది. అవతల ఎముకల వార్డు సిస్టర్ నిద్రమత్తులో పలికింది.

"ఏంటక్కా, ఎవరైనా పోయారా?"

"పోయారు. మిగిలినవాళ్ళనైనా దక్కించుకోవాలి, లే. రేపు డ్యూటీ దిగాక నీ వార్డువాళ్ళందరూ, కళ్ళ వార్డువాళ్ళు, కాన్పుల వార్డువాళ్ళు, మన ఆయమ్మ, అందరూ నాతో లైబ్రరీకి వస్తున్నారు. తలా రెండు పుస్తకాలు ఇంటికి పట్టుకెళ్ళాలి."

"నాకు చదివే తీరికెక్కడక్కా? పడుకుని చస్తా రేపు."

"నెత్తికింద పెట్టుకుని పడుకో. పట్టుకెళ్ళడం మాత్రం పట్టుకెళ్ళు." బీరువా కింది అరలకేసి చూసింది. "కాదు, చదువు. చదివి ఎలా ఉందో నాకు చెప్పాలి. చెప్పకపోతే ఊరుకోను."

"నాకు మంచిది ఏరిపెట్టు మరి. ఏడుపు పుస్తకం వద్దు."

"తిట్టుకునేది ఇస్తాలే."

ఫోను సంచిలో వేసుకుని లేచింది. "రేపు తలుపులు ఎప్పుడు తీస్తారు?"

"మీరు డ్యూటీ దిగే వేళకే తీసి ఉంచుతానండీ," అన్నాడు లైబ్రేరియన్.

"తీసి ఉంచకపోతే తలుపు కొడతాను. అందరం కలిసి కొడతాం."

ఆవిడ పుస్తకాన్ని ఛాతీకి అదుముకుని బయటికి నడిచింది. కిటికీ పక్క బీరువా నెత్తిన, ఎవరో ఎప్పుడో తెల్లరంగుతో శ్రద్ధగా 'నవలలు' అని రాసి కొట్టిన చెక్కపలక, సంచులు లాగేటప్పుడు ఒక మేకు ఊడి, ఖాళీ అరల మీదికి ఓరగా వేలాడుతోంది.